తవ్వి తీసిన పొద: చిగురుకీ వేరుకీ మధ్య గడువు

పాత ఇల్లు బిల్డరు చేతికి వెళ్లాక ముందు కూలేది ప్రహరీ గోడే. గేటు పక్కన ఆ గోడను ఆనుకుని పెరిగిన కాగితంపూల పొద కూడా రాళ్లూ మట్టితో పాటే ట్రాక్టరెక్కుతుంది. సికింద్రాబాద్ మారేడ్‌పల్లి నుంచి విజయవాడ మొగల్రాజపురం దాకా, డాబా ఇళ్లు అపార్టుమెంట్లవుతున్న వీధులన్నిటా ఇదే వరస. ముప్పై ఏళ్లు నేలలో ఉన్న బోగన్‌విల్లా మొదలు మనిషి తొడంత లావు ఊరుతుంది. మెలికలు తిరిగి, గాట్లు పడి, ఒకచోట తొర్ర, ఇంకోచోట బొడిపె. కుండీలో నాటిన కొమ్మకు ఆ లావూ ఆ ముదురూ రావాలంటే పెంచేవాడి ఆయుష్షు చాలకపోవచ్చు. ఇల్లు కూలుతోందని వినగానే బోన్సాయ్ మోజున్నవాళ్లు పలుగూ పారా పట్టుకుని పరిగెత్తేది అందుకే.

పరిగెత్తాక ఏం చెయ్యాలన్న దాని మీద మాత్రం ఎవరి మాట వారిదే. చలి పోగానే తవ్వమని ఒకరంటే తొలకరి దాకా ఆగమని ఇంకొకరు. వేళ్లకున్న మట్టంతా కడిగెయ్యమనేవారు కొందరు, మట్టిగడ్డ కదిపితే చచ్చినట్టేననేవారు కొందరు. ఆకులన్నీ దూసెయ్యాలా, ఒక్క ఆకూ ముట్టకూడదా? కోతలకు పేస్టు పూయాలా, వదిలెయ్యాలా? వెంటనే పళ్లెం కుండీలో పెట్టవచ్చా? ప్రతి ప్రశ్నకూ రెండు జవాబులు, రెండూ ఢంకా బజాయించి చెప్పేవే. ఒక్కొక్కరి దగ్గరా రుజువుగా ఒక బతికిన చెట్టు ఉంటుంది. చచ్చిన చెట్లు సాక్ష్యానికి రావు.

ఈ గొడవలో సగం, సలహా ఎక్కడ పుట్టిందో మరిచిపోవడం వల్ల వచ్చింది. బోన్సాయ్ పుస్తకాల్లో ‘తవ్వి తెచ్చిన చెట్టు’ అనే అధ్యాయానికి మూలం జపాన్ కొండలు. షికోకు దీవిలోని ఇషిజుచి పర్వతం మీదా, ఇతోయిగావా దగ్గరి కొండచరియల మీదా గాలికీ మంచుకూ మెలిపడ్డ జునిపర్‌లను తాళ్లు కట్టుకుని దిగి మరీ పెకలించుకొచ్చారు. ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లో ఆ వేట ఎంత ముదిరిందంటే, ఆ కొండల మీద మంచి చెట్టు కనిపించడమే అరుదైపోయింది. 1923 నాటి కాంటో భూకంపంలో టోక్యో దెబ్బతిన్నాక అక్కడి పెంపకందార్లు కొందరు ఉత్తరాన ఓమియాకు తరలి, 1925లో బోన్సాయ్ గ్రామం ఏర్పరచుకున్నారు. కొండ చెట్టును కుండీకి మాలిమి చేసే విద్య అలాంటి చోట్లే పదునుదేరింది. మరోపక్క తకమత్సు శివార్లలోని కినాషి, కొకుబున్‌జి ఊళ్లలో పైన్ చెట్లను పొలంలోనే లావెక్కించి తవ్వి తీసే సేద్యం పెరిగింది. అందుచేత మనదాకా వచ్చిన నియమాల్లో చాలా వాటికి ఆధారం రెండు విషయాలు: చెట్టు సూదాకుల కోనిఫర్, వాతావరణం మంచు కురిసేది. మొగ్గ ఉబ్బే ముందు తవ్వు, పాత మట్టి సగం ఉంచు, ఆకు ఎక్కువగా తీయకు అనే మూడూ ఆ చెట్టుకు, ఆ చోటికి అక్షరాలా నిజం. ముదురు కొమ్మ మీద పచ్చదనం పూర్తిగా తీసేస్తే జునిపర్ మళ్లీ చిగురించదు. దాని వేళ్లతో సహజీవనం చేసే శిలీంధ్రం పాత మట్టిలోనే ఉంటుంది. కాగితంపూల పొదకు ఇందులో ఒక్కటీ వర్తించదు.

ఇంగ్లండ్, జర్మనీ, అమెరికాల్లోనూ పెరటి కంచెల నుంచి బోన్సాయ్ చేసే అలవాటు గట్టిగా ఉంది. యూ, బాక్స్, హాథార్న్, అజేలియా వాళ్ల మామూలు సరుకు. వీటిలో అజేలియా చేసే మేలు ఇంతా అంతా కాదు. వేళ్లన్నీ పైపైనే చాపలా అల్లుకుని ఉంటాయి గనక పారతో అడుగు లోతున కోసి ఎత్తెయ్యవచ్చు, పైన మోడు చేసినా ఒళ్లంతా చిగుర్లు పొడుస్తుంది. ‘పెరటి పొదను తవ్వడం చాలా తేలిక’ అని ఎవరైనా రాస్తే అది బహుశా అజేలియా గురించే అయి ఉంటుంది. మన మందార మీదో చింత మీదో ఆ ధీమా పెట్టుకోకూడదు.

అసలు తవ్వినప్పుడు చెట్టు పోగొట్టుకునేదేమిటో చూస్తే తగువు కొంత తేలికపడుతుంది. నేలలో పెరిగిన చెట్టు వేళ్లు కొమ్మల నీడ దాటి చాలా దూరం పోతాయి. నర్సరీ పొలంలో చెట్టును మామూలు కొలత మట్టిగడ్డతో తీస్తే వేరు వ్యవస్థలో అత్యధిక భాగం, ఒక్కోసారి తొంభై శాతం పైనే, నేలలో ఉండిపోతుందని అమెరికాలో ఇలినాయ్ పరిశోధకుడు గ్యారీ వాట్సన్ పనివల్ల తెలిసింది. బోన్సాయ్ కోసం తవ్వేవాడు ఆ మాత్రం గడ్డను కూడా ఉంచడు. మిగిలేది మొద్దు, దాని కింద మూరెడు కూడా లేని నాలుగైదు లావు వేళ్లు. లావు వేరు నీళ్లు తాగదు, తాగేవి వెంట్రుకల్లాంటి పీచు వేళ్లు. అవి గోతిలోనే తెగిపోయాయి.

కాబట్టి తవ్విన మర్నాడు చెట్టుకు రెండు కష్టాలు. ఒకటి నీరు: తాగే నోరు లేదు, ఆకులుంటే మాత్రం ఖర్చు ఆగదు. రెండోది ఆహారం: ఆకులు తీసేస్తే తయారీ ఆగిపోతుంది, మొద్దులోనూ లావు వేళ్లలోనూ నిలవ ఉన్న పిండిపదార్థమే దిక్కు. ఆకులు దూయాలా వద్దా అన్న పాత జగడం మొత్తం ఈ రెంటిలో ఏది ముందు చెట్టును చంపుతుందన్న ప్రశ్నే. దానికి జవాబు జాతిని బట్టి మారుతుంది. డగ్లస్ ఫర్ లాంటి కోనిఫర్‌లలో కొత్త వేరుకు కావలసిన ఆహారం ప్రధానంగా ఆకులో అప్పటికప్పుడు తయారయ్యేదేనని 1980లలో కెనడాలో జరిగిన ప్రయోగాలు చూపించాయి. అలాంటి చెట్టుకు ఆకు తీస్తే వేరు రాదు. లావు కాండంలో పిండి దాచుకుని, ఎక్కడ నరికినా చిగురించే ఉష్ణమండలపు చెట్టుకు లెక్క వేరు. కాగితంపూల పొదను ఆకులతో తవ్వితే సాయంత్రానికి వాడుతుంది, మూడో రోజుకు ఆకు రాల్చుకుంటుంది. దానికదే చేసుకునే పనిని మనం ముందే చేసిపెడితే మొద్దులోని తడి మిగులుతుంది. ఈ పొద విషయంలో నేను నిస్సందేహంగా దూసేవాళ్ల పక్షం.

ఇక్కడి నుంచి మొదలయ్యేదే అసలు ప్రమాదం. దాని గురించి పుస్తకాలు ముక్తసరిగా తేల్చేస్తాయి. తవ్వి నాటిన రెండు మూడు వారాలకు మోడు మీద, ఎక్కువగా పాత కణుపుల చుట్టూ, బెరడు చీల్చుకుని ఎర్రటి చిన్న మొనలు కనిపిస్తాయి. వారం తిరిగేసరికి అవి వేలెడు చిగుర్లవుతాయి. ఇంటిల్లిపాదీ సంబరపడతారు, కుండీ ఎండలోకి జరుగుతుంది, ఎవరో గుప్పెడు యూరియా వేస్తారు. నిజానికి అప్పటికి కింద ఒక్క వేరూ పుట్టి ఉండకపోవచ్చు. ఆ చిగురు గాదెలోని పాత ధాన్యం తీసి వండిన భోజనం, కొత్త పంట ఇంకా ఇంటికి రాలేదు. వేరు పుట్టేలోపు గాదె అడుగంటితే చిగుర్లన్నీ ఒక్కసారిగా తల వాలుస్తాయి, నెల తిరిగాకో రెండు నెలలకో. ‘బాగా వచ్చిన చెట్టు ఉన్నట్టుండి ఎండిపోయింది’ అనే ఫిర్యాదు వెనక సాధారణంగా ఉండేది ఇదే. చెట్టు ఉన్నట్టుండి ఎండిపోలేదు, తవ్విన నాటి నుంచీ పాత నిలవ మీదే నెట్టుకొస్తోంది.

వేరు వచ్చిందని ఎలా తెలుస్తుంది? తొలి చిగుర్లు జానెడు లోపే ఒకచోట ఆగిపోతాయి, ఆకులు చిన్నవిగా, లేత రంగులో ఉంటాయి. ఆ స్తబ్దత వారాల తరబడి సాగవచ్చు. తర్వాత ఒక రోజు చిగురు కొన మళ్లీ కదులుతుంది. ఈసారి కణుపుల మధ్య దూరం పెరుగుతుంది, ఆకు వెడల్పవుతుంది, ముళ్లు గట్టిపడతాయి. మొద్దును వేలితో మెల్లగా నొక్కితే కదలదు. ప్లాస్టిక్ తొట్టి అయితే అడుగు కంతల్లో తెల్లటి వేరు మొన కనిపిస్తుంది. ఈ రెండో విడత ఊపు వచ్చేదాకా ఎరువు, ఎండ, కత్తిరింపు, తీగ చుట్టడం అన్నీ నిషిద్ధమే. పనంటూ ఉంటే నీడలో ఉంచడం, తడి ఆరకుండా చూడటం, చేతులు కట్టుకుని కూర్చోవడం. మూడోది అన్నిటికన్నా కష్టమని పెంచేవాళ్లందరికీ తెలుసు.

తవ్వే కాలం మీద వాదం కూడా ఈ గడువు లెక్కలోనే తేలాలి. చిగురుకీ వేరుకీ మధ్య ఉన్న రోజుల్లో గాలి తేమగా, మట్టి వెచ్చగా ఉండాలి. తెలంగాణలో, రాయలసీమలో ఫిబ్రవరిలో తవ్వితే మట్టి వెచ్చబడుతూ ఉంటుంది గానీ గాలి నానాటికీ పొడిబారుతుంది. వేరు సరిగా కుదురుకోకముందే ఏప్రిల్ వస్తుంది, ఆపైన వడగాలి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, తొట్టిలో మోడు ఎంత? పైగా జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఈ పొద పూత మీద ఉంటుంది, అంటే నిలవ ఖర్చవుతున్న సమయం. మృగశిర దాటి రెండు మూడు మంచి వానలు పడ్డాక తవ్వితే గాలిలో తేమ దానంతటదే దొరుకుతుంది, మబ్బు నీడ ఉచితం. అప్పుడు ఎదురయ్యేది తిరగబడ్డ సమస్య: ముసురు పట్టి పది రోజులు తొట్టి ఆరకపోతే కోసిన వేళ్లు కుళ్లుతాయి. దానికి మందు పైన రేకో పాలిథిన్ కప్పో వేసి వాన నేరుగా పడకుండా చూడటమే. కోస్తాలో గాలి ఏడాదంతా తేమగానే ఉంటుంది గనక ఫిబ్రవరి నెలాఖరు కూడా పనికొస్తుంది, నీడ వల కడితే. అక్టోబరు, నవంబరు తుపాను నెలలు తలనొప్పి. డిసెంబరు చలిలో, ముఖ్యంగా ఉత్తర తెలంగాణ వైపు, తవ్వితే మోడు చావదు గానీ బతకదు కూడా, నెలల తరబడి అలాగే కూర్చుంటుంది. అన్నీ చెప్పాక కూడా ఒకటి మిగులుతుంది. జేసీబీ కార్తెలు చూసుకుని రాదు. ఇల్లు మే నెలలో కూలిస్తే మే నెలలోనే తవ్వాలి. అప్పుడు పైన ఇంకాస్త ఎక్కువ నరికి, మోడు మొత్తానికీ పలచటి పాలిథిన్ సంచి తొడిగి, రోజంతా ఎండ తగలని నీడలో పెడతారు. సంచి లోపల గాలి తడిగా ఉండి మొద్దు ఆరదు. ఆ సంచి మీద గంట సేపు ఎండ పడితే మాత్రం లోపల చెట్టు ఉడికిపోతుంది.

ముందే తెలిస్తే ఇంకో దారి ఉంది. తవ్వడానికి ఏడాది ముందు మొదలు చుట్టూ అడుగున్నర దూరంలో కందకం తీసి, సగం చుట్టులో వేళ్లు కోసి, ఇసుకా పేడ ఎరువూ నింపి పూడ్చడం. ఆరు నెలలకు మిగతా సగం. కోసిన చోట నుంచి పీచు వేళ్లు పుట్టుకొచ్చి, తవ్వే నాటికి మొద్దు దగ్గరే తాగే నోళ్లు సిద్ధంగా ఉంటాయి. జపాన్ తోటమాలులు పెద్ద చెట్లు తరలించే పద్ధతీ ఇదే. దానిమ్మకు, చింతకు, నూరువరహాలకు ఇది ఐచ్ఛికం కాదు, తప్పనిసరి అంటాను. కాగితంపూలకూ మర్రి, జువ్వి జాతికీ అంత అవసరం లేదు. రోడ్ల వెడల్పు పనుల్లో పెద్ద చెట్లను రాత్రికి రాత్రి పెకలించి ఇంకోచోట పాతే కార్యక్రమాల్లో ఎగిరిపోయేది ఈ ఏడాది గడువే. చేవెళ్ల దారిలోని వందల మర్రిచెట్ల తరలింపు మీద అంత గొడవ జరగడానికి కారణాల్లో ఇదీ ఒకటి: మర్రి మొండిది గనక కొన్ని బతుకుతాయి, దాంతో అన్నిటినీ అలాగే తీసెయ్యవచ్చన్న నమ్మకం కలుగుతుంది.

తవ్వకం రోజు పని వరస చెప్పుకుందాం, ఇక్కడ చిన్న తప్పులకు పెద్ద మూల్యం. ముందు రోజు నేల తడపాలి. మర్నాడు మొదట పైభాగం. కొమ్మలన్నీ కావలసిన దానికన్నా జానెడు ఎక్కువ పొడవుంచి రంపంతో కోయాలి. కాగితంపూల కొమ్మ కోసిన చోటి నుంచి వెనక్కి ఎండుతుంది, ఎంత దాకా ఎండుతుందో ముందే చెప్పలేం, అందుకే ఆ జానెడు. ఆకూ ముల్లూ పోయాక మనిషి మొదలు దగ్గరకు చేరగలడు. తర్వాత చుట్టూ కందకం. లావు వేరు తగిలితే గునపంతో పొడిచి విరగ్గొట్టాలనిపిస్తుంది, అక్కడే ఆగాలి. నలిగిన వేరు కుళ్లుతుంది, రంపంతో నునుపుగా కోసిన వేరు బెరడు అంచు నుంచి కొత్త వేళ్లు పెడుతుంది. నిలువుగా దిగే లావు వేరు అడుగున ఎక్కడో ఉంటుంది, మొద్దును ఒక పక్కకు ఒరిగించి కోస్తే పని త్వరగా తెములుతుంది. తీసిన మొద్దును తడి గోనె సంచిలో చుట్టి నీడలోకి తేవాలి. కడియం, కడియపులంక నర్సరీల నుంచి గోనె చుట్టిన గడ్డలతో లారీలకెక్కే పెద్ద మొక్కలను చూసినవాళ్లకు ఆ చుట్టడం ఎంత బిగువుగా ఉండాలో తెలుసు.

పాత మట్టి ఉంచాలా కడగాలా అన్న తగువును కాగితంపూల పొద తనే తీర్చేస్తుంది. దాని పీచు వేళ్లు పలచన, పెళుసు, మట్టిని పట్టి ఉంచే శక్తి లేదు. మొరం కలిసిన ఎర్రనేలలో గడ్డ తీద్దామని ఎంత జాగ్రత్త పడ్డా గోతి అంచు దాటేలోపే పొడిపొడిగా రాలిపోతుంది. నల్లరేగడిలో మాత్రం బంక మన్ను మొద్దు కింద ముద్దగా అతుక్కుని వస్తుంది. ఆ ముద్దను అలాగే ఇసుక, ఇటుకల మిశ్రమంలో పెడితే తొట్టిలో రెండు రకాల మట్టి తయారవుతుంది. చుట్టూ ఆరిపోతుంది, నడుమ ముద్ద చిత్తడిగానే ఉంటుంది, లేదా ఒకసారి ఎండిందంటే మళ్లీ నీరు పీల్చదు. కొత్త వేరు ఆ సరిహద్దు దగ్గర ఆగిపోతుంది. రేగడి మన్నును నీటి పైపుతో పూర్తిగా కడిగెయ్యడమే మంచిదని నా అభిప్రాయం.

కడిగాక మొద్దు కోత ముఖం ఒకసారి చూడాలి. టేకు దుంగ కోస్తే కనిపించే వలయాల లాంటివే ఇక్కడా కనిపిస్తాయి, కానీ అవి ఏటి వలయాలు కావు. కాగితంపూల కుటుంబం చెట్లలో కాండం లావెక్కే పొర ఒక్కటే ఉండదు. ఒకదాని బయట ఇంకొకటి వరసగా పుడుతూ, కలపా మెత్తటి కణజాలమూ పొరలు పొరలుగా పేరుకుంటాయి. కాబట్టి వలయాలు లెక్కపెట్టి చెట్టు వయసు చెప్పేవాళ్ల మాట నమ్మనక్కర్లేదు. దీనివల్ల ఇంకో చిక్కుంది. కోత ముఖం ఆరాక పొరల మధ్య మెత్తటి భాగం కుంచించుకుపోతుంది, వాన నీరు ఆ సందుల్లోకి దిగుతుంది. చేవ దేలిన కొయ్య కాదు గనక కుళ్లు వేగంగా లోపలికి పాకుతుంది. పాత కాగితంపూల మొద్దుల్లో తొర్ర అంత సాధారణం కావడానికి కారణం ఇదే. బోన్సాయ్ దృష్టిలో తొర్ర అందమే, అది ఎక్కడ ఆగాలో మనం నిర్ణయించగలిగితే.

కోతకు పూత వెయ్యాలా అన్న ప్రశ్నకు శాస్త్రం చాలాకాలం కిందటే ఒక జవాబు చెప్పింది. అమెరికా అటవీ శాఖలో పనిచేసిన అలెక్స్ షైగో వేల చెట్లను నిలువునా చీల్చి పరీక్షించి, చెట్టు గాయాన్ని మాన్చుకోదనీ, దాని చుట్టూ గోడలు కట్టి కుళ్లును బంధిస్తుందనీ 1970లలో సిద్ధాంతీకరించాడు. గాయాలకు పూసే రంగులు కుళ్లును ఆపవని కూడా తేల్చాడు. బోన్సాయ్ లోకం ఆ మాట సగమే విన్నది, కోత పేస్టుల అమ్మకం ఆగలేదు. నా ఉద్దేశంలో ఇద్దరూ వేర్వేరు ప్రశ్నలకు జవాబు చెబుతున్నారు. పూత కుళ్లును ఆపకపోవచ్చు, కోత అంచున బెరడు ఎండిపోవడాన్ని మాత్రం తగ్గిస్తుంది. తవ్విన మోడుకు ఆ అంచు తడి ముఖ్యం, చిగుర్లు పొడిచే చోట్లలో అదొకటి. మన తోటల్లో దీనికి పాత మందులున్నాయి. పల్లెల్లో పేడ మెత్తుతారు. దానిమ్మ, మామిడి రైతులు బోర్డో పేస్టు పూస్తారు: కిలో మైలుతుత్తం, కిలో సున్నం, పది లీటర్ల నీళ్లు. ఫ్రాన్సులో ద్రాక్ష తోటల బూజు తెగులుకు 1880లలో పుట్టిన మందు ఇది. రాగి శిలీంధ్రాన్ని చంపుతుంది, సున్నం కోతను కప్పుతుంది. వేల రూపాయల జపాన్ పేస్టు కన్నా ఇది ఏ రకంగానూ తక్కువ కాదు, ఒక్క రంగులో తప్ప.

వేరు పుట్టించే హార్మోన్ పొడుల గురించి రెండు మాటలు చాలు. ఇండోల్ బ్యుటిరిక్ ఆమ్లం కొమ్మ కత్తిరింపుల్లో నిజంగా పనిచేస్తుంది, కోసిన లావు వేళ్ల అంచుకు రాస్తే నష్టం లేదు, కొంత లాభం ఉండవచ్చు. విటమిన్ బి1 సంగతి వేరు. 1930లలో కాలిఫోర్నియాలో జేమ్స్ బానర్ కత్తిరించిన బఠాణీ వేళ్లను గాజు పాత్రలో పెంచుతూ థయమిన్ అవసరమని కనుక్కున్నాడు. గాజు పాత్రలోని వేరుకు ఆకు లేదు, ఆకున్న మొక్క థయమిన్‌ను తనే తయారుచేసుకుంటుంది. తర్వాత పూర్తి మొక్కల మీద చేసిన పరీక్షల్లో ఆ లాభం కనబడలేదు. అయినా నాటు దిగులు తగ్గిస్తుందని బి1 సీసాలు ఇప్పటికీ అమ్ముడవుతున్నాయి.

ఇక కుండీ. కొత్తవాళ్లలో ఎక్కువమంది ఇక్కడే తొందరపడతారు. బోన్సాయ్ అంటే పళ్లెం కుండీ, కాబట్టి తవ్విన రోజే అందులో కూర్చోబెట్టాలనుకుంటారు. ఏ కుండీలో అయినా నీళ్లు పోసి కారడం ఆగాక అడుగున కొంత మందం మట్టి నీటితో నిండి ఉంటుంది. ఆ తడి పొర మందం మట్టి రేణువు మీద ఆధారపడుతుంది, కుండీ లోతు మీద కాదు. అడుగున్నర తొట్టిలో అది అడుగున ఉండే చిన్న భాగం. రెండంగుళాల పళ్లెంలో అదే దాదాపు మొత్తం మట్టి. తాగే వేళ్లు లేని మోడును అందులో పెట్టడమంటే కోసిన వేళ్లను బురదలో నానబెట్టడం. అలాగని మొద్దుకు మించిన డ్రమ్ములో పెట్టినా ఇదే గతి, వేళ్లు అందుకోలేని మట్టి ఆరదు. మొద్దుకు చుట్టూ మూడు నాలుగు అంగుళాలు వదులుండే చెక్క పెట్టె, లేదా అడుగున విరివిగా కంతలు పెట్టిన ప్లాస్టిక్ టబ్బు చాలు. నల్లదైతే నేరుగా ఎండ తగలనివ్వకూడదు, వేసవిలో దాని గోడ 50 డిగ్రీలు దాటుతుంది.

మిశ్రమం విషయంలో జపాన్ అకదమ మీద భక్తి అనవసరం. అది కాంటో ప్రాంతపు అగ్నిపర్వత మట్టి, అక్కడ చవక, ఇక్కడ బంగారం ధర. కావలసిన గుణం గాలి ఆడుతూ తడి పట్టుకోవడం. బాగా కాలిన ఇటుకను శనగ గింజంత ముక్కలుగా కొట్టి, దుమ్ము జల్లెడ పట్టి తీసేసి, గరుకు ఇసుక, కొద్దిగా కొబ్బరి పొట్టు కలిపితే ఆ గుణం వస్తుంది. పేడ ఎరువు, వర్మికంపోస్టు ఇప్పుడు వద్దు. వేరు లేని మోడుకు పోషకం అందదు, కుళ్లుకు అందుతుంది. నాటేటప్పుడు మొద్దును పెట్టెకు తీగతో బిగించి కట్టాలి. ఇది చాలామంది వదిలేసే మెట్టు. గాలికి మొద్దు వెంట్రుకవాసి ఊగినా అప్పుడే పుడుతున్న వేరు తెగిపోతుంది, పైన ఆకు వాడేదాకా మనకు తెలియదు. పైకి కనిపించాలనుకునే లావు వేళ్లను కూడా మొదటి ఏడాది రెండంగుళాలు లోపలే కప్పి ఉంచడం మేలు, అందం తర్వాత తవ్వి చూసుకోవచ్చు.

ఇంకా మంచి దారి ఒకటుంది, బోన్సాయ్ పుస్తకాల కన్నా తోటమాలులు దాన్నే ఎక్కువ నమ్ముతారు. ఎక్కడైనా నాలుగడుగుల నేల దొరికితే మోడును కుండీలో కాకుండా నేలలోనే మళ్లీ నాటడం. మొద్దు అడుగున ఒక బండ పలకో గచ్చు ముక్కో పెడితే వేళ్లు కిందికి దిగకుండా పక్కలకు పరుచుకుంటాయి. రెండేళ్లలో అది కుండీలో అయిదేళ్లకు తేరుకునేంత తేరుకుంటుంది. అపార్టుమెంటు వాళ్లకు ఈ సలహా ఇవ్వడం పుండు మీద కారం చల్లడమే, తెలుసు. ఊళ్లో అత్తగారిదో మేనమామదో పెరడు ఉన్నవాళ్లు మాత్రం వదులుకోకూడదు.

మిగతా పెరటి పొదలను ఈ కొలతతో త్వరగా చూసేద్దాం. రావి, జువ్వి, మర్రి మొలకలు పాత గోడల పగుళ్లలో దొరుకుతాయి. అన్నిటికన్నా మొండివి, గోడకూ మేలు. రక్షిత కట్టడాల గోడల జోలికి మాత్రం పురావస్తు శాఖ అనుమతి లేకుండా పోకూడదు. దానిమ్మ మొద్దు ఎంతో అందం, నెమ్మదిగా వేరు పెడుతుంది, ఓపికున్నవాళ్లకే. కంచెగా వేసే దురంత, నర్సరీలో కామినీ అని అమ్మే తెల్లపూల పొద, గోరింట బాగా చిగురిస్తాయి. గన్నేరూ అంతే, దాని పాలు, ఆకులు విషం గనక చేతికి తొడుగు ఉండాలి. నూరువరహాలు వేరు కోతను సహించవు, పైగా సున్నపు నీళ్లు పడితే ఆకు పసుపుబారుతుంది. మందార బతికినా లాభం తక్కువ. చెట్టు చిన్నదైనా పువ్వు చిన్నది కాదు, అరచేతి పువ్వు అడుగు చెట్టు మీద ఎబ్బెట్టుగా ఉంటుంది. అడవి నుంచి తెచ్చే ఆలోచన ఈ వ్యాసం పరిధిలో లేదు, అటవీ చట్టం పరిధిలో ఉంది. పెరట్లోదే అయినా పొద కాక పెద్ద చెట్టయితే 2002 నాటి వాల్టా చట్టం కింద అనుమతి సంగతి కనుక్కోవాలి.

చెట్టును ఇలా మోడు చేసి తొట్టిలో బంధించడం హింస కాదా అని అడిగేవాళ్లున్నారు. నేలలో హాయిగా ఉన్న పొదను మోజు కోసం పెకలించేవాళ్ల విషయంలో ఆ ప్రశ్న న్యాయమైనదే. తొర్ర బాగుందని పొరుగింటి గేటు దగ్గరి పొదను అడిగి తెచ్చి, నెలకు చంపుకునేవాళ్లకు నా దగ్గర సమర్థన లేదు. ఎల్లుండి శిథిలాల్లో కలిసే పొద విషయంలో ఆ ప్రశ్నకు అర్థం లేదు.

బతికిందని రూఢి అయ్యాక కూడా మొదటి ఏడు కొమ్మలను స్వేచ్ఛగా, ఎంత పొడవు పోతే అంత పోనివ్వాలి. ప్రతి మూర కొమ్మా కింద వేరుగా మారుతుంది. ఏ కొమ్మ ఉంచాలో, ఏది తీయాలో రెండో వేసవికి గానీ నిర్ణయించనక్కర్లేదు. కాగితంపూల కొమ్మ ముదిరాక వంచితే విరుగుతుంది గనక ఉంచవచ్చనిపించే వాటికి మాత్రం పచ్చిగా ఉండగానే తీగ చుట్టి వాలు పెట్టుకోవాలి. లోతు తక్కువ కుండీకి మార్చడం మూడో ఏడు తొలకరికి.

ఈలోగా ఒక ఆశ్చర్యం ఎదురుకావచ్చు. నిండా ఏడాది కాకుండానే, సన్నటి రెమ్మ చివర, మోడు మీద రంగు కాగితాలు విచ్చుకుంటాయి. చూడటానికి ముచ్చటే. ఈ పొద నీటి ఎద్దడిలో, ఇబ్బందిలో ఉన్నప్పుడు కూడా పూస్తుంది. వేరు చాలని మోడు పూసిందంటే అది బలం కాదు. ఆ గుత్తిని రెండు కణుపుల కిందికి గిల్లెయ్యాలి, నీళ్ల తీరూ కుండీ కింద కంతలూ ఆ పూటే చూడాలి.